గోరంత చేర్పు, కొండంత మార్పు: నానో సంయుక్త పదార్థాలు

ఈనాటి ప్రసంగ విషయం నానో సంయుక్త పదార్థాలు, వాటి ఉపయోగాలు. శాస్త్ర వ్యవహారంలో వీటినే నానో కాంపోజిట్లు అంటారు.

రెండు లేదా అంతకంటె ఎక్కువ పదార్థాలను, ఒకదానిలో ఒకటి కరిగిపోకుండా దేని ఉనికి దానికి నిలిచి ఉండేటట్టు కలిపి, విడివిడిగా వాటిలో దేనికీ లేని గుణాలను సాధించినప్పుడు, ఆ కలయికను సంయుక్త పదార్థం అంటారు. మట్టిలో వరిగడ్డి వేసి తొక్కి గోడలు పెట్టిన పల్లె ప్రజలు ఈ సూత్రాన్ని తరతరాలుగా ఆచరణలో పెట్టారు. మట్టి బరువును మోస్తుంది గాని ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. అందులోని గడ్డిపోచలు ఆ పగుళ్లను ముందుకు సాగనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఇనుప చువ్వలు కట్టి పోసే కాంక్రీటు స్లాబు, రెసిన్‌లో గాజుపోగులు పొదిగి తయారుచేసే ఫైబర్‌గ్లాస్ పడవ కూడా ఈ కోవకు చెందినవే. వీటన్నిటిలోనూ అంతటా పరచుకొని ఉండే భాగాన్ని ఆధార పదార్థమని, దానిలో పొదిగిన భాగాన్ని పూరకమని వ్యవహరించవచ్చు. ఆధార పదార్థం ఆకారాన్ని నిలుపుతుంది, పూరకం బలాన్నో వేడికి ఓర్చుకునే శక్తినో విద్యుద్వాహకతనో సమకూరుస్తుంది.

ఈ పూరకం పొడవు, వెడల్పు, మందాలలో కనీసం ఒక్కటైనా 100 నానోమీటర్లకు లోపు ఉంటే, ఆ కలయిక నానో సంయుక్త పదార్థం అవుతుంది. మీటరులో నూరు కోట్లవ వంతు ఒక నానోమీటరు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు ఉంటుంది. మూడు కొలతలూ ఈ మేరలో ఉండేవి నానో రేణువులు. రెండు కొలతలు చిన్నవై ఒకటి పొడవుగా సాగేవి నానో గొట్టాలు, నానో తీగలు. మందం ఒక్కటే ఈ మేరలో ఉండి మిగిలిన రెండు దిశల్లో పరచుకొనేవి నానో పలకలు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో రుస్తుం రాయ్, శ్రీధర్ కొమర్‌నేని ప్రభృతులు 1980 దశకంలో నానో కాంపోజిట్ అనే పేరును వాడుకలోకి తెచ్చారు.

పరిమాణం తగ్గినంత మాత్రాన గుణాలు ఎందుకు మారాలి అనే ప్రశ్నకు ఒక చిన్న లెక్క సమాధానం చెబుతుంది. ప్రతి భుజమూ ఒక సెంటీమీటరు ఉన్న ఘనానికి ఆరు ముఖాలు ఉంటాయి గనుక దాని ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని, భుజం ఒక నానోమీటరు ఉండే చిన్న ఘనాలుగా విభజించగలిగితే, పదార్థం ఒక్క రవ్వ కూడా పెరగకుండానే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లకు, అంటే దాదాపు ఎకరమున్నర నేలకు సమానమవుతుంది. సంయుక్త పదార్థంలో ఆధారానికీ పూరకానికీ సంబంధం కుదిరేది ఈ ఉపరితలం మీదనే. వస్తువు మీద పడిన భారం ఆధారం నుంచి పూరకానికి చేరేది ఈ సరిహద్దు గుండానే. సరిహద్దు ఇంతగా విస్తరించినప్పుడు, దానిని ఆనుకొని ఉన్న ఆధార పదార్థపు అణువుల కదలిక కూడా మారిపోతుంది. అందువల్లనే మామూలు ఫైబర్‌గ్లాస్ తరహా ప్లాస్టిక్కులలో నూటికి ముప్పై పాళ్లు గాజుపోగు కలిపితే గాని రాని మార్పులు కొన్ని, నానో పూరకం నూటికి నాలుగైదు పాళ్లు కలిపితేనే కనిపిస్తాయి.

ఈ శాస్త్రానికి మేలిమలుపు తెచ్చిన పూరకం తెలుగు రైతుకు చిరపరిచితమైన మట్టిలోనే ఉంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, వేసవిలో నెర్రెలు విచ్చడానికి కారణం దానిలో సమృద్ధిగా ఉండే స్మెక్టైట్ జాతి బంకమట్టి ఖనిజాలు. వాటిలో ముఖ్యమైనది మాంట్‌మోరిల్లొనైట్. ఫ్రాన్సులోని మాంట్‌మోరిల్లాన్ అనే ఊరి పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. రాజస్థాన్‌లోని బాడ్మేరు, గుజరాత్‌లోని కచ్ ప్రాంతాలలో తవ్వితీసే బెంటొనైట్ మట్టిలో కూడా ప్రధానాంశం ఇదే. ఈ ఖనిజాన్ని సూక్ష్మంగా పరిశీలిస్తే, పుస్తకంలోని పుటల వలె ఒకదానిపై ఒకటి పేర్చిన పలుచని పొరలు కనిపిస్తాయి. ఒక్కొక్క పొర మందం సుమారు ఒక నానోమీటరు మాత్రమే కాగా, దాని వెడల్పు కొన్ని వందల నానోమీటర్ల దాకా ఉంటుంది. రెండు సిలికా పలకల నడుమ ఒక అల్యూమినా పలక ఇమిడి ఒక పొర ఏర్పడుతుంది. ఆ నడిమి పలకలో అక్కడక్కడ అల్యూమినియం స్థానాన్ని మెగ్నీషియం ఆక్రమించడం వల్ల పొరకు రుణావేశం మిగులుతుంది; ఆ రుణావేశాన్ని సరితూచడానికి పొరల మధ్య సోడియం, కాల్షియం వంటి ధన అయాన్లు చేరి ఉంటాయి. వాన పడినప్పుడు నీటి అణువులు ఈ అయాన్లను ఆశ్రయించి పొరల మధ్యకు చొరబడతాయి గనుకనే నేల ఉబ్బుతుంది, నీరు ఆవిరైపోయినప్పుడు పొరలు దగ్గరపడి నేల బీటలు వారుతుంది.

నీరు చొరబడగలిగిన చోటికి ప్లాస్టిక్కును కూడా చొప్పించవచ్చునా అనే దిశగా జపానులోని టయోటా కేంద్ర పరిశోధనాలయ శాస్త్రవేత్తలు 1980 దశకంలో కృషి చేశారు. నీటిని ఇష్టపడే బంకమట్టికీ, నూనె స్వభావం గల ప్లాస్టిక్కుకూ సహజంగా పొత్తు కుదరదు. అందుచేత వారు మొదట పొరల మధ్యనున్న సోడియం అయాన్లను తొలగించి, వాటి స్థానంలో ఒక చివర అమ్మోనియం సమూహం, మరొక చివర ఆమ్ల సమూహం ఉన్న కర్బన గొలుసులను ప్రవేశపెట్టారు. అమ్మోనియం కొస మట్టి పొరను అంటిపెట్టుకోగా, ఆమ్లపు కొస నైలాన్‌కు ముడిసరుకైన కాప్రోలాక్టం అణువులను తనవైపు చేర్చుకొని గొలుసుగా పెంచడం ప్రారంభించింది. గొలుసులు పెరిగిన కొద్దీ పొరలను దూరదూరంగా నెట్టివేయగా, చివరకు ఏ పొరకు ఆ పొర విడివడి నైలాన్ అంతటా పరచుకుంది. ప్లాస్టిక్ గొలుసులు పొరల మధ్యకు చొచ్చుకొనిపోయినా పొరల వరుస చెదరని స్థితిని అంతర్వేశిత స్థితి అని, పొరలు పూర్తిగా విచ్చుకొని చెదిరిపోయిన స్థితిని విశ్లథిత స్థితి అని వేరుచేసి చెప్పవచ్చు. టయోటా బృందం సాధించినది ఈ రెండవది.

వారు ప్రకటించిన ఫలితాలు పదార్థశాస్త్ర లోకాన్ని ఆకర్షించాయి. నూటికి 4.2 పాళ్ల మట్టి చేరిన నైలాన్-6 లాగుడు బలం 69 మెగాపాస్కల్‌ల నుంచి 107కు పెరిగింది. సాగదీతకు ఎదురునిలిచే బిగువు, అంటే స్థితిస్థాపక గుణకం, 1.1 గిగాపాస్కల్‌ల నుంచి 2.1కి చేరింది, భారం కింద మెత్తబడి వంగిపోయే ఉష్ణోగ్రత 65 డిగ్రీల సెల్సియస్ నుంచి 145 డిగ్రీల దాకా ఎగసింది. ఈ మూడింటిలో వాహన పరిశ్రమకు అన్నిటికంటె విలువైనది మూడవది. ఎందుకంటే కారు ఇంజనుకు ఆనుకొని ఉండే భాగాలలో మామూలు నైలాన్ మెత్తబడిపోతుంది. టయోటా సంస్థ ఈ కొత్త నైలాన్‌తో ఇంజనులోని టైమింగ్ బెల్టుకు మూత తయారుచేసి కార్లలో అమర్చింది. 2002లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ కూడా మట్టి కలిపిన మరొక జాతి ప్లాస్టిక్కుతో తన వ్యాన్లకు కాలు పెట్టి ఎక్కే మెట్లను తయారుచేసింది. ఇనుముకు బదులు ప్లాస్టిక్, బరువైన ప్లాస్టిక్కుకు బదులు తేలికైన ప్లాస్టిక్ వాడిన ప్రతిచోటా వాహనం బరువు తగ్గుతుంది, దానితో ఇంధనమూ ఆదా అవుతుంది.

మట్టి పొరలు బలంతో పాటు మరొక మేలు కూడా చేస్తాయి. వాయువుల అణువులు మట్టి పొర గుండా దూరిపోలేవు గనుక, ప్లాస్టిక్ పలుచటి పొరలో అవి నేరుగా ప్రయాణించే వీలు లేక, అడ్డంగా పరచుకొని ఉన్న ఒక్కొక్క పలకనూ చుట్టివచ్చి వంకరదారిన పోవలసి వస్తుంది. దారి పొడవు పెరిగినందువల్ల వాయువు బయటికి గాని లోపలికి గాని చేరే వేగం తగ్గిపోతుంది. ఆహారపు ప్యాకెట్లలోకి ప్రాణవాయువు చొరకుండా చూడడానికి, సీసాలలోని పానీయాల వాయువు బయటికి పోకుండా నిలపడానికి ఈ గుణం అక్కరకు వస్తుంది. విల్సన్ సంస్థ డబుల్ కోర్ అనే టెన్నిస్ బంతి లోపలి గోడకు, వెర్మిక్యులైట్ ఖనిజపు పొరలు కలిపిన బ్యూటైల్ రబ్బరు పూత పూసి, బంతిలోని గాలి త్వరగా దిగిపోకుండా చేసింది. మంటల విషయంలో కూడా ఇదే సూత్రం ఉపకరిస్తుంది: ప్లాస్టిక్ కాలుతున్నప్పుడు మట్టి పొరలు బొగ్గుతో కలిసి పైభాగాన ఒక కవచంగా ఏర్పడి, లోపలి నుంచి మండే వాయువులు పైకి రాకుండా, వేడి లోపలికి దిగకుండా అడ్డుకుంటాయి. అయితే మట్టి ఒక్కటే మంటను ఆర్పివేయలేదు గనుక, కరెంటు తీగల తొడుగుల వంటి వాటిలో దానిని ఇతర అగ్నినిరోధకాలకు తోడుగా వాడుతున్నారు.

పేరు కొత్తదే గాని, నానో పూరకాలను మనిషి వాడడం కొత్త కాదు. రోడ్ల మీద తిరిగే ప్రతి వాహనపు టైరులోనూ కార్బన్ బ్లాక్ అనే మసిపొడి ఉంటుంది. దాని మూల రేణువులు చాలావరకు 20 నుంచి 50 నానోమీటర్ల పరిమాణంలో ఉండి గుత్తులుగా కలిసి ఉంటాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఈ మసిని రబ్బరులో కలపడం మొదలైన తరువాతనే టైర్లు అరుగుదలను తట్టుకొని వేల కిలోమీటర్లు నడవగలిగాయి. 1990 దశకంలో మిషెలిన్ సంస్థ మసిలో కొంతభాగానికి బదులు సిలికా నానో రేణువులను వాడి, దొర్లేటప్పుడు తక్కువ శక్తిని వృథా చేసే టైర్లను ప్రవేశపెట్టింది. సిలికాకు రబ్బరుతో పొసగదు గనుక, ఒక కొస సిలికాకూ రెండవ కొస రబ్బరుకూ అతుక్కునే సిలేన్ అనే వారధి అణువులను మధ్యవర్తిగా వాడవలసి వచ్చింది. నైలాన్‌లోనూ రబ్బరులోనూ విజయానికి కీలకం ఒక్కటే: పూరకం ఎంత కలిపారన్నదానికంటె, అది ఎంత చక్కగా పరచుకున్నది, సరిహద్దులో ఎంత గట్టిగా అంటుకున్నది అన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

తెలంగాణ ఉక్కు చరిత్ర కూడా ఈ సందర్భంలో ప్రస్తావనకు వస్తుంది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో ఇనుమును కరిగించి తయారుచేసిన ఉక్కు దిమ్మల కోసం పారశీక వర్తకులు వచ్చేవారని, ఆ తయారీని పంతొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో చూసిన భూగర్భ శాస్త్రజ్ఞుడు వాయ్సీ రాశాడు. ఈ తరహా దక్షిణ భారత మూస ఉక్కు నుంచే డమాస్కస్ ఖడ్గాలు తయారయ్యేవని పండితుల అభిప్రాయం. జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 2006లో పదిహేడవ శతాబ్దికి చెందిన ఒక డమాస్కస్ ఖడ్గపు ముక్కను ఆమ్లంలో కరిగించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు, అందులో కార్బన్ నానో గొట్టాలను, వాటి లోపల చిక్కుకున్న సిమెంటైట్ అనే ఇనుము-కర్బన సమ్మేళనపు తీగలను గుర్తించారు. ఆ కమ్మరులకు నానో శాస్త్రం తెలుసునని దీనివల్ల చెప్పడానికి వీలులేదు. కానీ ముడి ఖనిజం ఎంపికలో, కాల్చడంలో, సాగగొట్టడంలో వారు పాటించిన క్రమశిక్షణ కంటికి కనిపించని స్థాయిలో కూడా లోహాన్ని తీర్చిదిద్దిందన్నది మాత్రం గౌరవించదగిన వాస్తవం.

ఆధునిక పరిశోధనలో కార్బన్ నానో గొట్టాలకు ప్రత్యేక స్థానం ఉంది. 1991లో జపాను శాస్త్రవేత్త సుమియో ఇజిమా వీటి నిర్మాణాన్ని వివరించగా, 1994లో కేరళలో పుట్టిన పులికేల్ అజయన్ తన సహచరులతో కలిసి వీటిని రెసిన్‌లో పొదిగి చూపాడు. ఒక్కొక్క గొట్టపు బిగువు సుమారు 1,000 గిగాపాస్కల్‌లు, అంటే ఉక్కుకు దాదాపు ఐదు రెట్లు. ఈ అంకెను చూసి ప్లాస్టిక్కులన్నీ ఉక్కును మించిపోతాయని తొలినాళ్లలో కొందరు ఆశించారు గాని, గొట్టాలు ఒకదానికొకటి అతుక్కొని ఉండలు కట్టడం వల్ల, వాటి నునుపైన గోడలను రెసిన్ గట్టిగా పట్టుకోలేకపోవడం వల్ల ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. విద్యుద్వాహకత విషయంలో మాత్రం ఇవి త్వరగా ఫలితమిచ్చాయి. పొడవైన గొట్టాలు ఒకదానినొకటి తాకుతూ ప్లాస్టిక్ అంతటా వలగా ఏర్పడతాయి గనుక, నూటికి ఒక పాలు, కొన్నిసార్లు అంతకంటె తక్కువ కలిపినా విద్యుత్తు ప్రవహించే దారి ఏర్పడుతుంది. కార్లలో పెట్రోలు ప్రవహించే గొట్టాలలో స్థిర విద్యుత్తు పేరుకొని నిప్పురవ్వ పుట్టకుండా, ఎలక్ట్రానిక్ పరికరాల ప్యాకింగులో సున్నితమైన చిప్పులు దెబ్బతినకుండా ఇటువంటి ప్లాస్టిక్కులు కాపాడుతున్నాయి.

భారతదేశానికి సంబంధించినంతవరకు నానో సంయుక్త పదార్థాల అత్యుత్తమ ప్రయోజనం తాగునీటి శుద్ధిలో కనిపిస్తుంది. వెండి అయాన్లు సూక్ష్మక్రిములను చంపుతాయన్నది తెలిసిన విషయమే. అయితే వెండి రేణువులను నేరుగా నీటిలో ఉంచితే, నీటిలోని లవణాలు వాటి మీద పెచ్చు కట్టి కొద్ది రోజులలోనే వాటిని నిర్వీర్యం చేస్తాయి. మద్రాసు ఐఐటీ ఆచార్యుడు తలప్పిల్ ప్రదీప్ బృందం 2013లో ఈ చిక్కుకు పరిష్కారం ప్రకటించింది. అల్యూమినియం ఆక్సీహైడ్రాక్సైడును కైటోసాన్ అనే జీవ పాలిమర్‌తో బంధించి, ఆ గూటిలో వెండి నానో రేణువులను పొదిగినప్పుడు, పెచ్చు కట్టడం తగ్గి, లీటరు నీటికి 40 మైక్రోగ్రాముల చొప్పున వెండి అయాన్లు చాలాకాలం నిలకడగా విడుదలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్న 100 మైక్రోగ్రాముల పరిమితికి ఇది లోబడే ఉంది. కొలిమి అవసరం లేకుండా, మామూలు ఉష్ణోగ్రత వద్ద, నీటిలోనే ఈ పదార్థం తయారు కావడం దీని విశిష్టత. ఇదే బాటలో ఇనుప ఆక్సైడ్ రేణువులను కైటోసాన్‌లో బంధించి తయారుచేసిన పదార్థం నీటిలోని ఆర్సెనిక్‌ను పట్టివేస్తుంది. లీటరుకు 10 మైక్రోగ్రాములు మించితే హానికరమయ్యే ఈ విషం పశ్చిమ బెంగాల్ వంటి ప్రాంతాల భూగర్భజలాలలో తీవ్ర సమస్యగా ఉంది. ప్రదీప్ కృషికి గుర్తింపుగా 2020లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

కైటోసాన్ లభించేది రొయ్యలు, పీతల పెంకుల నుంచి. సాగు రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే అగ్రస్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, రొయ్యలను ఒలిచే కర్మాగారాల నుంచి తలలు, పెంకులు గుట్టలుగా వెలువడుతున్నాయి. ఆ పెంకులోని కైటిన్‌ను క్షారంతో ఉడికిస్తే కైటోసాన్ అవుతుంది. మరొకవైపు నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు తరాలుగా ఎముకలను వంచిన చరిత్ర తెలుగువారందరికీ తెలుసు. పటిక, సున్నం వాడి ఫ్లోరైడును తగ్గించే ఒక పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ జిల్లా పేరే పెట్టారు. పటికలోని అల్యూమినియానికి ఫ్లోరైడును ఆకర్షించే గుణం ఉండడమే ఆ పద్ధతికి మూలం. అదే గుణాన్ని ఆధారం చేసుకొని, అల్యూమినా లేక ఎముక ఖనిజమైన హైడ్రాక్సీ అపటైట్ నానో రేణువులను కైటోసాన్‌లో పొదిగి ఫ్లోరైడును వడగట్టే పరిశోధనలు అనేక ప్రయోగశాలలలో జరిగాయి. హైదరాబాదు శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ, నీటి ఫిల్టర్లలో వాడే సిరామిక్ క్యాండిళ్లకు నానో వెండిని పట్టించే పద్ధతిని రూపొందించింది.

వైద్యరంగంలో ఈ పదార్థాలకు ప్రకృతే దారి చూపింది. ఎముక స్వయంగా ఒక నానో సంయుక్త పదార్థం. కొల్లాజెన్ అనే మెత్తని మాంసకృత్తి పోగుల నడుమ, కొద్ది నానోమీటర్ల మందం గల హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికాలు పొదిగి ఉండడం వల్లనే అది గట్టిగానూ ఉంటుంది, చిన్న దెబ్బకే పెళుసుగా విరిగిపోకుండానూ ఉంటుంది. ఈ నిర్మాణాన్ని అనుసరించి, శరీరంలో క్రమంగా కరిగిపోయే పాలిమర్లలో ఆ స్ఫటికాలను పొదిగి, విరిగిన ఎముక తిరిగి పెరగడానికి ఆసరాగా నిలిచే అమరికలను తయారుచేస్తున్నారు. పుచ్చుపళ్లలో దంతవైద్యులు నింపే పంటిరంగు రెసిన్‌లో సిలికా, జిర్కోనియా నానో రేణువులు ఉంటాయి. అవి ఆ రెసిన్ అరిగిపోకుండా కాపాడడమే కాక, దాని నునుపును, మెరుపును చాలాకాలం నిలుపుతాయి.

ప్రయోజనాలు ఇన్ని ఉన్నా, జాగ్రత్తలు అంతకంటె ముఖ్యం. పొడవైన, గట్టి కార్బన్ నానో గొట్టాలను ఎలుకల ఉదరకుహరంలోకి ఎక్కించినప్పుడు ఆస్‌బెస్టాస్ పోగుల వలెనే అవి వాపు కలిగించాయని 2008లో ఒక పరిశోధన తేల్చింది. ఒక రకం బహుపొరల గొట్టాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో చేర్చింది. ప్లాస్టిక్కులో గట్టిగా పొదిగి ఉన్న పూరకం వాడకందారుకు సాధారణంగా చేరదు గాని, పొడిని తూచి కలిపే కార్మికుడు, తయారైన వస్తువును కోసి రాపిడి పెట్టే పనివాడు, పాత సామానును కాల్చి లోహం ఏరుకునే పేదవాడు ఆ ధూళిని పీల్చే ప్రమాదం ఉంది. కనుక పరిశ్రమలు ముసుగులు, ధూళిని లాగివేసే యంత్రాలు సమకూర్చడం, వస్తువును రూపొందించే దశలోనే దాని చివరి గతి కూడా ఆలోచించడం అవసరం.

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2007లో 1,000 కోట్ల రూపాయల కేటాయింపుతో నానో మిషన్‌ను ప్రారంభించిన తరువాత దేశంలో ప్రయోగశాలలు, నిపుణులు పెరిగారు. ఇక కావలసినది ఆ జ్ఞానాన్ని స్థానిక అవసరాలతో ముడివేయడం. తెలుగు నేల మీద నల్లరేగడి మట్టి ఉంది, రొయ్య పెంకు ఉంది, ఫ్లోరైడు నీటి బాధ ఉంది. వీటి మధ్య సంబంధాన్ని గుర్తించగల విద్యార్థులూ విశ్వవిద్యాలయాలలో ఉన్నారు. రసాయన, భౌతిక, ఇంజనీరింగు విభాగాల అధ్యాపకులు తమ విద్యార్థుల పరిశోధనాంశాలను దూరదేశాల పత్రికల నుంచి మాత్రమే ఎంచుకోక, పక్క ఊరి బావి నీటిని, తీరంలోని వ్యర్థాలను కూడా పరీక్షాంశాలుగా స్వీకరించాలి. ప్రభుత్వాలు అటువంటి పరిశోధనకు నిధులతో పాటు, దాని భద్రతను పరీక్షించే ఏర్పాట్లను కూడా సమకూర్చాలి.